పేరు చూసి కొట్టిన టిక్కు

కరోనా తర్వాతి ఏడాది జూన్‌లో హిందూపురంలో జూనియర్ అనలిస్టుగా చేరాను. ముప్పై నిండగానే రిటైరయ్యాను. శాలువా కప్పలేదు, హెడ్‌సెట్ మాత్రం వెనక్కి తీసుకున్నారు.

మా డెస్కు పని కంపెనీల వివరాలను ఇంటర్నెట్‌లో వెతికి పట్టడం. యజమాని ఎవరు, పనివాళ్ళలో ఆడవాళ్ళెందరు, యాజమాన్యంలో మైనారిటీల వాటా సగానికి మించి ఉందా అని తేల్చి ర్యాంకులు వేసేవాళ్ళం. పెద్ద కంపెనీలు ఆ జాబితా చూసి ఆర్డర్లు ఇచ్చేవి. ప్రతి గడికీ రెండు ఆధారాలుండాలి: కంపెనీ వెబ్‌సైటు, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పేజీ. అనుమానముంటే మూడోది, ఫోన్. ఫోన్‌కు పది నిమిషాలు పడుతుంది, పేరు చూసి టిక్కు కొట్టడానికి రెండు సెకన్లు. మా సీనియర్ షహనాజ్ మేడం అన్నిటికీ ఫోనే చేసేవారు. అందుకే ఆమె సీనియర్. నేను పెందలాడే ఇంటికి పోయేవాణ్ణి.

ధర్మవరంలో పుల్లమ్మ అనే ఆవిడ, ఫ్యాక్టరీ పనివాళ్ళు తొడుక్కునే గ్లౌజులు కుట్టించే యూనిట్ నడిపేది. రెండు ఆధారాల్లోనూ పేరు పుల్లమ్మే. మైనారిటీ గడిలో 'కాదు' అని కొట్టేశాను, ఆమె యూనిట్ మైనారిటీ జాబితాలో పడలేదు. జాబితా వచ్చిన మూడో రోజు ఆమే ఫోన్ చేసింది. అందులో పేరుంటే ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ పక్క విడిభాగాల కంపెనీ ఒకటి ఏడాది ఆర్డరు ఇస్తానందట. తాము సాయిబులమని, వాళ్ళింట్లో తరతరానికీ పెద్దపిల్ల పేరు పుల్లమ్మేనని చెప్పి, నా పేరడిగింది. ఫక్కీరప్ప అన్నాను.

"ఏ ఊరి సాయిబులప్పా మీరు?"

"సాయిబులం కాదక్కా. రొళ్ల పక్క గొర్లు కాసేటోళ్ళం. మా అవ్వ పెనుకొండ దర్గాలో మొక్కుకోని ఈ పేరు పెట్టింది."

ఆమె వెనక కుట్టుమిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"నీకా పేరు పెట్టుకోని, నా పేరు చూసి నన్నెట్ల తీసేస్తివప్పా?"

మర్నాడే షహనాజ్ మేడం నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం బస్సెక్కారు. పత్రాలు తీసుకున్నాం. పుల్లమ్మ తిట్టలేదు, టీ ఇచ్చింది. తిట్టి ఉంటే లెక్క సరిపోయేది. మళ్ళేడాదైనా ముందు ఫోన్ చెయ్యమంది. చేస్తానన్నాను. సవరణ వచ్చే ఏడాది జాబితాలోనే అని హెడ్డాఫీసు జవాబిచ్చింది. ఆర్డరు వేరేవాళ్ళకు పోయింది.

ఆ వచ్చే ఏడాదికి డెస్కే లేదు. పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు; అది బస్సెక్కదు, టీ తాగదు. మేడం బెంగళూరు వెళ్ళిపోయారు. నేనిప్పటికీ జాబితా రాగానే తెరిచి పుల్లమ్మ పేరు కొడతాను. ఫలితాలు లేవంటుంది. ఆమె నంబరు నా దగ్గరే ఉంది. చేస్తే ఏ డెస్కు నుంచి అని చెప్పాలో తెలియక, మళ్ళీ ఆమె యూనిట్ వెబ్‌సైటే చూస్తాను. మిషన్ల చప్పుడు అందులో వినపడదు.

నేర్చుకున్నది ఒకటే: పేరు ఆధారం కాదు, మనిషిని అడగాలి. పుట్టినప్పటి నుంచీ ఆ సంగతి నా పేరే చెబుతోంది. నేనే రెండో ఆధారం కోసం ఆగాను.