పిండత్త గుడ్డ

పిండత్త గదిలోకి వెళ్లినవాళ్లు మనుషుల్లాగే బయటకు వచ్చేవారు గాని, కాసేపటి వరకు నేల మీద నడిచేవారు కారు. పెసలు, కచ్చూరాలు, వట్టివేళ్లు, ఎండిన గులాబీ రేకులు కలిపి ఆమె స్నానపు పిండి దంచుతుంటే, లేచిన ధూళి కిటికీ ఎండలో తేలుతూ ఉండేది. దాన్ని పీల్చినవాడికి నిలువునా కల వచ్చేది. ఓ కాకి ఆ ధూళిలో పొర్లి తెల్లబడింది. తోటి కాకులు వెలివేస్తే కొంగల్లో చేరి, అక్కడే సంబంధం కుదుర్చుకుంది. నమ్మనివాళ్లు ఆ కొంగల్నే అడగొచ్చు.

దినుసులు ఎవరైనా దంచుతారు. మహిమంతా ఆమె వస్త్రకాయితం పట్టే గుడ్డలో ఉంది. వాళ్లమ్మ కట్టి కట్టి పొగలా పలచబడ్డ నూలుచీర ముక్క అది. కుండ మూతికి బిగించి, పైన పిండి వేసి వేళ్లతో నిమిరితే, మెత్తనిది మాత్రమే కిందికి జారేది. ఆ గుడ్డను దులపడమే గాని, పిండత్త దానికి ఏనాడూ నీళ్లు చూపించలేదు.

కొత్త కోడలు, పాపం, సాయం చేద్దామని దాన్ని ఉతికేసింది. అదీ సబ్బుతో. పిండితే నడిమికి చీలింది.

తీగ మీద రెండు పీలికలు చూసి పిండత్త గడప మీదే కూలబడింది. సాయంత్రం రంగుల మేస్త్రి వస్తాడు. సబ్బు తగిలితే దద్దుర్లు, పిండి గరుకైతే మంట, అలాంటి ఒళ్లు అతనిది. ఆమె పిండి తప్ప అతనికి దిక్కులేదు. ఆ గుడ్డ తప్ప ఆమెకూ లేదు.

"మురికిగా ఉందనుకున్నానత్తయ్యా," అంది కోడలు.

"సబ్బుతో పనిలేని పిండి చేసే కొంపలో సబ్బెట్టి ఉతికావు. నిన్నని ఏం లాభం, ఏరికోరి తెచ్చుకున్న నా కళ్లని అనాలి."

కోడలు లోపలికి వెళ్లింది. చాలాసేపటికి ఓ పాత చీరతో వచ్చింది. తల్లి పోయాక ఆమెకు మిగిలింది అదొక్కటే. తలగడ కింద అది లేందే నిద్రపట్టేది కాదు.

"మా అమ్మది. ముక్క కోసుకోండి."

పిండత్త చీర కింద అరచేయి పెట్టింది. చేతిగీతలు పైకి కనిపించాయి. కత్తెర మాత్రం అందుకోలేదు.

"ఎక్కడ కోస్తే మీ అమ్మకి నొప్పెడుతుందో నాకేం తెలుసే. ఆ కొస పట్టుకో."

చీరను చీరగానే కుండకు కట్టారు. మిగిలినదంతా గది నిండా పరుచుకుంది. పిండి జారేకొద్దీ గది మెల్లగా మబ్బులోకి లేచింది. ఆ మబ్బులో ఇద్దరి అమ్మలూ ఎదురెదురుగా కూర్చుని, ఎవరి పిల్ల ఎక్కువ మొండిదో వాదించుకున్నారు. పిండత్త అమ్మే గెలిచింది.

సాయంత్రం మేస్త్రి చిటికెడు పిండి తడిపి మణికట్టు మీద రాసుకుని, అలవాటుగా కాసేపు ఆగాడు. చర్మం ఎర్రబడలేదు.

"మునుపటికంటే మెత్తగా ఉందత్తా. కొత్తగా ఏం కలిపావు?"

"మా వియ్యపురాల్ని," అంది పిండత్త, పొట్లం కడుతూ.

వెనక కోడలు చీర దులిపి మడతపెట్టబోతూ, "అత్తయ్యా, దీన్ని ఓసారి ఉత..." అని, అత్త తిరిగి చూసిన చూపుకు మిగతా మాట మింగేసింది.