మా చాచా మషక్

మొన్న మధ్యాహ్నం బియ్యం కడుగుతుండగా వెనక గల్లీలోంచి పెళ్ళి బరాత్ వెళ్ళింది. ముందు డప్పులు వినిపించాయి, ఫరవాలేదనుకున్నాను. ఆ తర్వాత మషక్ అందుకుంది. గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళి తలుపు పట్టుకుని నిలబడిపోయాను. అమ్మీకి బ్యాండంటే ఎంత ఇష్టమో అని మా కోడలు నవ్వింది. ఇష్టం కాదు. అది మోగుతున్నంతసేపూ నాకు ఊపిరాడదు. ఉన్నట్టుండి ఆగిపోతే ఇంకా భయం. వాయించేవాడికి ఏమైందో పోయి చూడాలనిపిస్తుంది.

మషక్ అంటే ఇంగ్లీషువాళ్ళు బ్యాగ్‌పైప్ అనేదే. తోలుసంచి చంకలో పెట్టుకుని, ఒక గొట్టంలోంచి గాలి ఊది నింపుతూ, మోచేత్తో నొక్కుతూ వాయిస్తారు. చేతిలోని గొట్టం పాట పలుకుతుంది. భుజం మీది మూడు గొట్టాలు ఒకే శ్రుతి పట్టుకుని మోగుతూనే ఉంటాయి. ఆ రోజుల్లో మెదక్‌లో ఎవరింట పెళ్ళయినా, అది హిందువులదైనా తురకలదైనా, దాన్ని వాయించేది మా చాచాయే. చాచా అంటే మా అబ్బా తమ్ముడు. అబ్బా పోయాక నన్ను పెంచిందీ, పెళ్ళి చేసిందీ, నేను పుట్టెడు దుఃఖంతో కొడుకుని చంకనేసుకుని తిరిగొస్తే ఒక్క మాట అడగకుండా గది చూపించిందీ ఆయనే. సన్నటి మనిషి. బుగ్గలు మాత్రం రెండు గులాబ్‌జామున్లు దాచుకున్నట్టుండేవి. ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తమంటే నడుం పట్టుకునే మనిషి, బ్యాండువాళ్ళ ఎర్రకోటు తొడిగితే ఊరంతా వాయిస్తూ నడుస్తాడని చాచీ దెప్పేది.

మా ఎదురింట్లో బడిలో చరిత్ర చెప్పి రిటైరైన సారు ఉండేవారు. సాయంత్రమైతే ఇద్దరూ మా అరుగు మీద చాయ్ తాగుతూ ఆ బాజా ఎవరిదని తగువుపడేవారు. అది స్కాట్లాండు వాళ్ళదని, వాళ్ళ సిపాయి పల్టన్లతో మన దేశానికొచ్చి, అక్కడినుంచి పెళ్ళిబ్యాండుల్లో చేరిందని సారు వాదన. చాచా తాత నిజాం కాలంలో భిస్తీ, అంటే మేకతోలు సంచిలో నీళ్ళు మోసి వీధులు తడిపేవాడు. ఆ నీళ్ళ సంచినీ మషక్ అనే అంటారు. ఎండాకాలం బావులెండితే పనిలేక ఆ సంచికి వెదురు గొట్టాలు గుచ్చి ఊదింది తన తాతేనని చాచా ప్రమాణం చేసేవాడు.

"పేరు మాది, తోలు మాది. మరి బాజా ఆళ్ళదెట్లయితది సారు?"

సారు నిజాయితీ గల మనిషి. స్కాట్లాండులోనే ఆ సంగతి తేలలేదని ఆయనే ఒప్పుకునేవారు. రోమువాళ్ళు తెచ్చారని కొందరు, అంతకుముందే ఈజిప్టులో ఉందని కొందరు, మేకలున్న ప్రతిచోటా ఎవరో ఒక కాపరికి తట్టే ఉంటుందని ఇంకొందరు. అక్కడ కూడా భుజం మీద మొదట ఒకటే గొట్టం ఉండేదట, తర్వాత రెండు, ఎప్పటికో మూడోది వచ్చిందట. అయితే మొదటి గొట్టం మా తాతదే అని చాచా అనేవాడు. మర్నాడు మళ్ళీ మొదటికొచ్చేది.

అలాంటి రోజుల్లోనే చాచాకి దగ్గు పట్టుకుంది. ముందు ఎవరం లెక్కచేయలేదు. తర్వాత సాయంత్రాలు చలిజ్వరం, మెట్లెక్కితే ఆయాసం. రంజాన్ నెలలో మావాళ్ళలో పెళ్ళిళ్ళుండవు, రోజా అంటే ఉపవాసంతో చాచా హిందువుల పెళ్ళిళ్ళకీ వెళ్ళడు కాబట్టి మషక్ గోడకే వేలాడింది. దగ్గు తగ్గింది. రోజాల మహిమని చాచీ మొక్కుకుంది. పండగ దాటి పెళ్ళిళ్ళు మొదలవగానే దగ్గు రెట్టింపై తిరిగొచ్చింది. దవాఖానాలో టీబీ పరీక్ష చేసి అది కాదన్నారు. అందరూ సంతోషించారు, నాకు మాత్రం భయం పెరిగింది. పేరున్న రోగానికి మందుంటుంది. పేరు లేనిది ఆయన్ని పక్కగదిలో తినేస్తుంటే నేను గోడకి చెవి ఆనించి వింటూ ఉండేదాన్ని.

నర్సాపూర్‌లో మా దూరపు చుట్టాల పెళ్ళికి నేనూ వెళ్ళాను. పట్టపగలు బరాత్. ఆడవాళ్ళం వెనక నడుస్తున్నాం. చాచా పెదవులు నల్లబడటం చూసి ఆపమని చెప్పడానికి ముందుకు పరుగెత్తాను. చేరేలోపే మోకాళ్ళ మీద కూలి పక్కకి ఒరిగిపోయాడు. ఆయన పడ్డాక కూడా మషక్ మోగుతూనే ఉంది. సంచిలో మిగిలిన ఆయన ఊపిరి బయటికొస్తూ, సన్నగిల్లుతూ మూలిగింది. అది పూర్తిగా ఆగేదాకా ఇంకెవరూ కదల్లేదు. ఆయన ప్రాణమే అలా పోతోందనుకుని నేను సంచి మూతిని రెండు చేతులతో నొక్కిపట్టుకున్నాను. పిచ్చిపనే. ఆ క్షణాన అదే తోచింది.

హైదరాబాదు దవాఖానాలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ చాచాకి ఆక్సిజన్ పెట్టించి, ఎప్పుడైనా నయమైనట్టనిపించిందా అని నన్నడిగింది. రంజాన్ సంగతి చెప్పాను. ఆ నెలలో ఏ పని మానేశాడని అడిగింది. మషక్ అన్నాను. దాన్ని తెమ్మంది. మర్నాడు సారు బస్సులో పట్టుకొచ్చారు. తోలు ఎండిపోకుండా, గాలి జారకుండా చాచా అందులో నూనె, బెల్లంపాకం పోసేవాడు. సంచి విప్పి తిరగేస్తే లోపలంతా నల్లటి, ఆకుపచ్చటి బూజు. వానాకాలం గోనెసంచి వాసన.

"గీ బూజే లోపలికి పీలుస్తున్నడు ఇన్నొద్దులు," అంది డాక్టరమ్మ. "ఇంకో సీజన్ గిదే ఊదితె నా చేతుల ఏం లేదు."

లోపల కడుక్కోవడానికి వీలుండే రబ్బరుగుడ్డ సంచులు వచ్చాయట, అవి వాడమన్నది. చాచా ఒప్పుకోలేదు. తోలు పోతే అది తాత బాజా ఎలా అవుతుందని మొండికేశాడు. చాచీ ఏడ్చింది, నేను కాళ్ళు పట్టుకున్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు సారు మంచం పక్కన కూర్చున్నారు.

"నేను ఓడిపోయిన భాయ్. బాజా మీ తాతదే. తోలు ఇడిసిపెట్టు."

చాచా తిరిగి చూశాడు. "భయపడి ఒప్పుకుంటున్నరు సారు."

"అవ్. భయపడే ఒప్పుకుంటున్న."

చాచా లేచి కూర్చుని, సారు చెయ్యి పట్టుకుని, భయంతో గెలిచిన గెలుపు తనకొద్దనీ, వాదన వాదనగానే ఉండనిద్దామనీ, కొత్త సంచి మాత్రం తెప్పించమనీ చెప్పాడు.

కొత్త సంచితో ఆయన చాలా ఏళ్ళు వాయించాడు. ఊరు మెచ్చుకుంటుంటే, నేను మాత్రం ఆయన ఛాతీ వైపే చూస్తూ కూర్చునేదాన్ని. ముందు సారు పోయారు. ఆ తర్వాత చాచా కూడా, ముసలితనంతో, నిద్రలోనే ప్రశాంతంగా వెళ్ళిపోయాడు. ఆ బాజా ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నాకేమో జరిగిపోయిన ఆ చావు కన్నా, నర్సాపూర్‌లో జరగకుండా తప్పిపోయిన చావే ఎక్కువ గుర్తుంటుంది. అలా చావు తప్పిపోయిన రోజులు కూడా ఎక్కడికీ పోవు కాబోలు, మనతోపాటే వయసు మీదపడి మన ఇంట్లోనే బతుకుతాయి.