ఆఫీసు పనుండాది

ఉద్యోగంలో పైకి రావడం ఎలాగో కొత్తగా చేరిన ఆడపిల్లలకు నాలుగు మాటలు చెప్పమని ఈమధ్య నన్ను పిలుస్తున్నారు. శాలువా కప్పుతారు, మైకు చేతికిస్తారు. ఫైళ్లు పేర్చుకోకండి, కంప్యూటరు నేర్చుకోండి, మీటింగులో వెనక వరుసలో నక్కి కూర్చోకండి అని చెప్పి వస్తాను. చప్పట్లు కొడతారు. కానీ నాకు ఒకరు చెప్పిన అసలు సలహా మాత్రం ఏ మైకులోనూ చెప్పలేదు. నన్ను ఈ కుర్చీ దాకా తెచ్చింది అదే. దాని మీద నాకింత కోపం ఉన్నది కూడా అందుకే.

నేను పశువుల డాక్టరును. చేరిన కొత్తలో ఉదయగిరి అవతల, సీతారామపురం వైపు ఒక చిన్న పశువైద్యశాలకు వేశారు. గొర్రెలూ మేకలే అక్కడి జనానికి బతుకు. నన్ను చూసి, "డాక్టరు రాలేదా?" అని నన్నే అడిగేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అప్పట్లో మా పై అధికారి ఆత్మకూరులో ఉండే ఒక పెద్దావిడ. మా శాఖలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి. మేమంతా మేడం అనేవాళ్లం. మీటింగు రోజున నన్ను తన గదిలోకి పిలిచి, తన క్యారియరులోని పెరుగన్నం నాకూ పెట్టేది.

అలా తింటూనే ఒకరోజు చెప్పింది. "చూడమ్మా, ఇల్లనే మాట ఆఫీసులో ఎత్తబాక. మగోడు బిడ్డకి జొరమని లీవు పెడితే, ఎంత మంచి తండ్రో అంటారు. నువ్వు పెట్టినావనుకో, ఈ ఆడోళ్లతో ఎప్పుడూ ఇదే గోల అంటారు. ఏదన్నా అవసరం పడితే ఆఫీసు పనుండాదని చెప్పు, సరిపోద్ది. నీ కడుపు నొప్పి కూడా ఎవరికీ తెలీకూడదు."

మేడం చెప్పింది అబద్ధమేమీ కాదు. నాతోపాటు చేరిన ఒకమ్మాయి కాన్పు తర్వాత దగ్గరి ఊరికి వేయమని అడిగితే, తీసుకెళ్లి స్టోరులో మందుల లెక్క చూసే పనిలో పడేశారు. గొర్రెను ముట్టుకునే అవకాశమే లేకుండా పోయింది ఆ పిల్లకు. అది చూశాక మేడం మాట నాకు వేదమైంది.

పెళ్లయిన కొన్నాళ్లకు నాకు నెల తప్పింది. సరిగ్గా అప్పుడే ఉదయగిరి పెద్ద పశువుల ఆసుపత్రి బాధ్యత నాకివ్వాలా, నా తర్వాత చేరిన ఒకాయనకివ్వాలా అని పైవాళ్లు ఆలోచిస్తున్నారు. విషయం మా ఆయనకూ, మేడంకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. "ఆర్డరు వచ్చేదాకా నోరు మూసుకో," అంది మేడం.

ఆ రోజుల్లోనే ఒక పల్లెలో గొర్రెలు ఈసుకుపోతున్నాయని కబురొచ్చింది. నెలలు నిండకుండానే చచ్చిన పిల్లల్ని వేసేస్తున్నాయి. ఆ రోగం మనుషులకూ అంటుతుందనీ, కడుపుతో ఉన్న మనిషి ఆ దరిదాపులకే పోకూడదనీ చదువుకున్నదాన్నే నేను. కానీ పోనని చెప్పాలంటే కారణం చెప్పాలి. ఆ కారణం ఇంటిది. ఇల్లనే మాట ఎత్తకూడదు గదా.

దొడ్లో ఒక గొర్రె పిల్లను బయటికి వేయలేక తన్నుకుంటోంది. మోచేతుల దాకా వచ్చే గ్లవ్సులు మా ఆసుపత్రికి వచ్చి చాలా కాలమైంది. ఉన్న పల్చటివి తొడుక్కుంటే లోపల చెయ్యి పెట్టగానే చిరిగిపోయాయి. వట్టి చేత్తోనే లాగాను. లాగి, గోడవతలికి పోయి వాంతి చేసుకున్నాను. గొర్రెలాయన తల్లి చెంబుతో నీళ్లు తెచ్చి నా మొహం వంక చూసింది.

"ఏమ్మా, నీళ్లోసుకున్నావా ఏంది?"

మా అటెండరూ, జీపు డ్రైవరూ అక్కడే నిలబడి ఉన్నారు.

"లేదవ్వా. పొద్దున తినలేదు, గ్యాసు," అన్నాను.

కొన్ని వారాలకు సాయంత్రమయ్యేసరికి జ్వరం రావడం మొదలైంది. కీళ్లన్నీ పట్టేసేవి. మాత్ర మింగి క్యాంపులకు పోతూనే ఉన్నాను. ఒకరోజు ఆసుపత్రిలో కుర్చీలోంచి లేచేసరికి చీర తడిసి ఉంది. నెల్లూరు తీసుకుపోయారు. అప్పటికే అంతా అయిపోయింది. రక్త పరీక్షలో ఆ గొర్రెల రోగమే నాకూ ఉందని తేలింది. మా ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాడు మేడం వచ్చింది. మంచం మీద కూర్చుని నా తల నిమిరింది. గదిలో ఇంకెవరూ లేరని చూసుకుని మెల్లగా అడిగింది. "ఆఫీసులో ఎవరికీ తెలీదు గదా?"

తెలీదన్నట్టు తల ఊపాను.

"జొరమని లీవు రాయించినాను. నువ్వేం దిగులు పెట్టుకోబాక. ఆర్డరు నీకే వస్తాది."

ఆమె కళ్లు తడిగానే ఉన్నాయి. నిజంగా నా మీద ప్రేమతోనే వచ్చింది, నేను కాదనను. కానీ ఆ చెయ్యి నా తల మీద నుంచి విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. అన్నట్టుగానే ఆర్డరు నాకే వచ్చింది. స్వీట్లు పంచమంటే పంచాను. తర్వాత మందులు చాలా కాలం వాడాను. మళ్లీ నాకు కడుపు పండలేదు.

ఇప్పుడు ఆత్మకూరులో మేడం కుర్చీలో నేనున్నాను. నేను మొదట పనిచేసిన ఆ చిన్న పశువైద్యశాలలో ఇప్పుడొక అమ్మాయి ఉంది. చురుకైన పిల్ల, నాకంటే పొగరు. ఈ ఏడాది ఉదయగిరి బాధ్యత ఖాళీ అవుతోంది, అది తనకే రావాలని కూర్చుంది. మొన్న ఆ వైపు మళ్లీ గొర్రెలు ఈసుకుపోతున్నాయని ఫోనొచ్చింది. అదే రోజు మీటింగుకు వచ్చిన ఆ పిల్ల, మధ్యలో నోటికి చెంగు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది.

తిరిగొచ్చాక నా గదిలోకి పిలిచాను.

"ఎన్నో నెల?"

"అదేం లేదు మేడం. గ్యాసు."

తలుపు వేసి, నాకు జరిగిందంతా చెప్పాను. ఎవరికీ చెప్పనిది, ఒక్కటీ దాచకుండా చెప్పాను. తల వంచుకుని విన్నది.

"ఒకటి అడుగుతాను, కోపం చేసుకోరు గదా," అంది చివరికి. "ఆ పొద్దు మీరు నిజం చెప్పుంటే, ఈ కుర్చీ మీకు వచ్చుండేదా మేడం?"

అబద్ధం చెప్పలేకపోయాను. "వచ్చుండేది కాదు."

"మరి నన్నెట్లా చెప్పమంటారు?"

నా దగ్గర అధికారం మాత్రం ఉంది. నువ్వు ఆ దొడ్లోకి పోవడానికి వీల్లేదు, నేను పోతున్నాను, ఇది ఆర్డరు అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. ఏడుస్తూనే తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "మూడో నెల," అంది.

మర్నాడు పొద్దున్నే పొడుగు గ్లవ్సులు సంచిలో పెట్టుకుని నేనే బయల్దేరాను. ఉదయగిరిలో అటెండరు జీపెక్కాడు. వెనక సీటు ఖాళీగా కనపడేసరికి, "ఏంది మేడం, ఆ డాక్టరమ్మ రాలేదా?" అన్నాడు. డ్రైవరు కూడా చెవి ఇటు పెట్టాడు.

కడుపుతో ఉంది, అందుకే రాలేదు అని చెప్పొచ్చు. అందులో సిగ్గుపడాల్సిందేముంది? కానీ ఆ మాట సాయంత్రానికల్లా నెల్లూరులో పైవాళ్లకు చేరుతుంది. ఉదయగిరి బాధ్యత ఇంకెవరికో పోతుంది. ఆ పిల్లను తీసుకెళ్లి స్టోరులో కూర్చోబెడతారు.

"ఆమెకు ఆఫీసు పనుండాదిలే," అన్నాను. మేడం గొంతు అచ్చం అలాగే ఉండేది.