గోడకూ రేకులకూ మధ్య

పోయిన ఆదివారం తెల్లవారేసరికి మా అత్త నిద్రలోనే వెళ్లిపోయింది. ఆత్మకూరులో నా దగ్గర బట్టలు కుట్టించుకున్న వాళ్లకు ఆమెను పరిచయం చేయనక్కరలేదు. ముందు పంచలో నా మిషను పక్కన ముక్కాలిపీట వేసుకుని, వచ్చిన ప్రతి ఆడపిల్లనూ "ఎవురి బిడ్డవు మే?" అని ఆరా తీసిన ముసలామె ఆవిడే.

మెత్తని మనిషి అని రాస్తే నేను అబద్ధమాడినట్టే. ఉదయగిరి కొండ కింద పుట్టింది, మొండితనం అక్కణ్ణించే తెచ్చుకుంది.

తొంభైల మొదట్లో, నేను మిషను పెట్టుకోవడానికని, ఇంటికి ముందు రేకుల పంచ దించాం. గోడకూ రేకులకూ మధ్య సందు మిగిలిపోయింది. వాన పడితే గోడ వెంట జారే నీళ్లన్నీ అందులోంచి సరిగ్గా మిషను మీదికే. వెలుతురు అక్కడే కాబట్టి మిషను జరపలేను. సిమెంటు పూస్తే ఎండకు బీటలిచ్చింది. తారులో ముంచిన గోనెపట్ట కుక్కితే వేసవిలో కరిగి కారింది. గోడలో గాడి తొలిచి, తగరపు రేకు ఒక అంచు అందులో దోపి, రెండో అంచు పంచ రేకుల మీదికి వంచితేనే కారడం ఆగుతుందన్నాడు మేస్త్రీ.

అత్త అడ్డంగా నిలబడింది. "ఆ మనిషి మట్టి తొక్కి కట్టిన గోడ అది. నేనుండంగా ఉలి పెట్టినారంటే ఊరుకోను."

ఆ గోడ కట్టిన మామ నా పెళ్లికి ముందే పోయాడు. ఆమె దగ్గర ఆయన ఫొటో కూడా లేదు. ఆ సంగతి తెలిసీ కోపం ఆపుకోలేకపోయాను. "గోడ కూడు పెడతాదా అత్తా?" అన్నాను. కొన్నాళ్లు ఎడమొహం పెడమొహంగా తిరిగాం.

ఆ రోజుల్లోనే తుపాను పట్టింది. సంగం ఊరి పెళ్లికూతురి తెల్లచీరకు లేసు కుడుతున్నాను. మరునాడే చర్చిలో పెళ్లి. మధ్యలో దారం అయిపోయి అంగడికి వెళ్తే వాన దంచడం మొదలుపెట్టింది. చీర మిషను మీదే ఉంది. మట్టినీళ్ల మరక పడితే పెళ్లివాళ్లకు ఏ మొహం చూపించాలి, ఆ తర్వాత నా గడప ఎవరు తొక్కుతారు? తడుస్తూనే పరుగెత్తాను.

అత్త మిషను మీద బోర్లా వంగి ఉంది. చీరనంతా రొమ్ము కింద పొదువుకుంది. ఎర్రటి నీళ్లు ఆమె వీపు మీద పడి పక్కలకు కారుతున్నాయి. సూది చీరలో దిగి ఉంది, దాన్ని పైకి ఎత్తడం ఆమెకు రాదు.

"లాగితే చినిగిపోతాదని ఇట్నే ఉండిపోయినాను. మరకైందేమో చూసుకో మే."

కాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమె తడి కొంగు పిండుకుంటూ గోడకేసి చూసింది. "ఆయనుంటే ఆయనే తొలిచుండును. మేస్త్రీని పిలిపించు."

వాన తెరిపిచ్చాక మేస్త్రీ వచ్చాడు. అత్త స్టూలెక్కి, ఉలీ సుత్తీ అందుకుని మొదటి దెబ్బలు తనే వేసింది. అందుకే ఆ గాడి ఎడమ చివర వంకరగా ఉంటుంది. అతను సరిచేస్తానంటే ఒప్పుకోలేదు.

మొన్న ఆ ఆదివారం మధ్యాహ్నం అత్త శవపెట్టెను ఆ పంచలోనే ఉంచాం. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే వాన. లోపలికి మార్చండని ఎవరో తొందరపెట్టారు. "వద్దు, కారదు. ఈడనే ఉండనీండి" అన్నాను గానీ, తలెత్తి ఆ గాడినే చూస్తున్నాను. నీళ్లు గోడ మీంచి దిగి, తగరం మీదుగా రేకుల మీదికి జారి, వీధిలోకి పోతున్నాయి. ఆమెకు కట్టిన తెల్లచీర మీద ఒక్క చుక్క పడలేదు. అయినా వాన వెలిసేదాకా నేను పెట్టె మీదికి వంగే నిలబడ్డాను.