చీకటి పెట్టెలో ఎడమ చెయ్యి

ఘంటసాలకు దగ్గర్లో ఓ పల్లె. అక్కడ కృపావతికి ఒక కుట్టుమిషను, ఒక బాధ్యత ఉండేవి. మిషను మీద ఊళ్లో ఆడవాళ్లందరి జాకెట్లూ కుట్టేది. బాధ్యత చర్చిలోది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఆచరించేటప్పుడు తెల్లగుడ్డ పరవడం, అందరూ ఒకరి తరవాత ఒకరు తాగే వెండి గిన్నెను తోమి పెట్టడం పద్దెనిమిదేళ్లుగా ఆవిడ పనే. ఆ గిన్నె మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు.

అలాంటి మనిషి పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరంలో వానలు వెనకబట్టాక ఆ పనిని వదిన ధనమ్మకు అప్పగించేసింది. బల్ల దగ్గరికి రావడమే మానేసింది. ఒక నెల కాదు, వరసగా మూడు నెలలు.

ఆ చర్చిలో బల్ల మానడం చిన్న సంగతి కాదు. ఎవరితోనైనా తగువుంటే ముందు రాజీపడాలి, పడనివాళ్లు గిన్నె ముట్టకూడదు అని పాస్టరు సుందరరాజు అయ్యగారు ప్రతిసారీ చెబుతారు. అంచేత కృపావతికి ఎవరి మీదో కోపం వచ్చిందని ఊరు తీర్మానించేసింది. ఎవరి మీదో తేలలేదు గనక, ఎవరి తప్పు వాళ్లకు గుర్తుకు రావడం మొదలైంది. పక్కింటి గంగరాజు వచ్చి, "దడి మీ వైపు జానెడు జరిపింది నేనేనమ్మా, రేపే వెనక్కి జరిపేస్తాను" అన్నాడు. వెనక వీధి రత్నం వచ్చి, "నీ కుట్టు నిలవదని సంతలో అన్నది నేనే అక్కా, నోరు జారాను" అని ముక్కు చీదింది. కృపావతి ఇద్దరికీ తలూపింది. ఈ ఘనకార్యాలేవీ ఆవిడకు అంతవరకూ తెలియనే తెలియవు.

అసలు సంగతి ఆవిడ ఎడమ ముంజేతి మీద ఉంది. మోచేతికి కాస్త కింద రూపాయి బిళ్లంత మచ్చ, పాలిపోయి ఉంది. మచ్చ పాలిపోయి, అక్కడ స్పర్శ కూడా పోతే అది పెద్దరోగం, అంటే కుష్ఠు అంటారు. చిన్నప్పుడు ఆ రోగం వచ్చిన మనిషిని ఊరి బయట పాకలో ఉంచడం, దూరం నుంచి అన్నం పెట్టి రావడం ఆవిడ కళ్లారా చూసింది. తన పెదవులు తగిలిన గిన్నెతో ఊరంతా తాగాలి. అందుకే బల్ల మానేసి, మణికట్టు దాకా చేతులున్న జాకెట్లు కుట్టుకుని తొడుక్కుంది. రోజంతా సూది చేతిలోనే ఉంటుంది. ఒక్కసారి ఆ మచ్చ మీద గుచ్చి చూసుకుంటే తేలిపోయే సంగతి. ఆ ఒక్కసారికే ధైర్యం చాలలేదు. నన్నడిగితే, ఎవరికి మాత్రం చాలుతుంది?

ఇలా ఉండగా ధనమ్మ వచ్చి, "బందరులో కాలేజీ వాళ్లు ఎగ్జిబిషన్ పెట్టారంట వదినా. మనిషిని మరుగుజ్జును చేసే అద్దాలున్నాయంట. పోయొద్దాం పద" అని బలవంతం చేసింది. ఆవిడకు ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో అప్పటికి కృపావతికి తెలియదు.

అద్దాల ముందు ధనమ్మ కుండలా ఉబ్బింది, కృపావతి వెదురుబొంగులా సాగింది. మన మాట మనకే తిరిగి వినిపించే యంత్రంలో ధనమ్మ ఒక కీర్తన పాడి, తన గొంతు విని, "ఇంత కర్ణకఠోరంగా ఉందేమిటి, ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదే!" అని లబోదిబోమంది. కృపావతి చాలా రోజులకు పైకి నవ్వింది.

ఆ పక్క గదిలో నల్లగుడ్డ కప్పిన పెద్ద పెట్టె ఉంది. రంధ్రంలోంచి చెయ్యి లోపలికి పెట్టాలి. తగిలినదేమిటో చూడకుండా చెప్పాలి. పెట్టె వెనక ఇందిర అనే విద్యార్థిని కూర్చుంది. కృపావతి కుడిచెయ్యి పెట్టబోయింది.

"ఎడమ చెయ్యండీ. కుడిచెయ్యి అన్నీ పట్టేస్తుంది, సరదా ఉండదు" అంది ఇందిర.

వెనక జనం తోస్తున్నారు. తప్పుకునే దారి లేదు. కృపావతి ఎడమ చెయ్యి పెట్టింది. లోపలి చీకట్లో ఇందిర వేళ్లు జాకెట్టు చేతిని మోచేతి దాకా పైకి తోశాయి. కృపావతి కళ్లు గట్టిగా మూసుకుంది.

"అమ్మో! ఐసు!"

గదంతా ఘొల్లుమంది. ఆవిడ చెయ్యి బయటికి లాక్కుని చూసుకుంది. సరిగ్గా మచ్చ నడిమధ్యన నీటిబొట్టు నిలబడి ఉంది.

"ఇంకోసారి పెట్టమ్మా" అని ఇందిరను అడిగింది. ఈసారి మచ్చ మీద వేలు పెట్టి, "ఇక్కడే, ఇంకేదైనా."

"చీపురుపుల్ల" అంది కృపావతి. మూడోసారి, "గుండుసూది! గుచ్చుకుంది తల్లీ, గుచ్చుకుంది!" అని ఏడ్చేసింది.

ధనమ్మ ఆ మచ్చను చూసింది, ఏడుపును చూసింది. సంగతి అర్థమయ్యాక అక్కడే నేల మీద కూలబడింది. "ఇదా వదినా! పోయిన ఈస్టరుకు మేము వండుకు తిన్నది నీ కోడేనని తెలిసిపోయి, నా మీద అలిగావనుకున్నానే!"

"నక్క ఎత్తుకుపోయిందన్నావుగా?"

"నేనే ఆ నక్కను" అని ధనమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

కాలేజీ పెట్టె చెబితే సరిపోదని, అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లారు. మూడు నెలలుగా ఆ గుమ్మం ఎక్కలేకపోయిన కృపావతి ఇప్పుడు ముందు నడిచింది. డాక్టరమ్మ దూదితో రాసి, సూదితో తాకి, చెయ్యంతా తడిమి చూసింది. "ఇది ఉత్త శోభి మచ్చ. చెమటకు వస్తుంది" అని పూతమందు రాసిచ్చింది. మెట్లు దిగుతుంటే కృపావతికి ఒళ్లు దూదిలా తేలికైంది. బస్సు కదలకముందే నిద్రపోయింది. చాలా రోజుల తరవాత పట్టిన మంచి నిద్ర అది.

మొదటి ఆదివారం నాడు పొట్టి చేతుల జాకెట్టుతో వచ్చి, గిన్నె తనే తోమింది. ముందురోజు ధనమ్మ తెచ్చిచ్చిన కోడిపెట్ట ఇంటి దగ్గర గంప కింద ఉంది. అయ్యగారు గిన్నె అందించారు. కృపావతి తాగింది. పక్కనే మోకరించిన ధనమ్మ వంతు వచ్చింది. అంచు తుడవడానికి అయ్యగారు తెల్లగుడ్డ ఎత్తబోయారు గానీ, ధనమ్మ ఆగలేదు. వదిన పెదవులు తగిలిన చోటనే తన పెదవులు పెట్టి తాగింది.