హీరో మారిన లెక్క

లెక్కల టీచరుకు సినిమాల పిచ్చేమిటని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. హిందూపురంలో కొత్త సినిమా ఏది వచ్చినా మొదటి వారంలోనే చూసేసేదాన్ని. స్టాఫ్‌రూమ్‌లో ఎంత ఆటపట్టించినా సరే.

ఆ వేసవిలో కర్ణాటక సరిహద్దు పక్కనున్న అగళి నుంచి ఒక అమ్మాయి లెక్కలు చెప్పించుకోవడానికి మా ఇంటికి వచ్చేది. పదో తరగతిలో ఆ ఒక్క సబ్జెక్టే తప్పింది. సప్లిమెంటరీలో కూడా తప్పితే చదువు మానిపించి గార్మెంట్స్‌లో పనికి పంపిస్తానని వాళ్ల నాయన చెప్పేశాడట. ఆ భయంతోనే రోజూ బస్సెక్కి వచ్చేది పాపం.

తెలివైన పిల్లే. ఎక్స్ విలువ కనుక్కోమంటే చకచకా చేసేది. అదే లెక్కలో ఎక్స్ తీసేసి పి పెడితే మాత్రం పెన్ను కింద పెట్టేసేది.

"ఇది మాకు చెప్పలేదు మేడం" అనేది.

అదీ ఇదీ ఒకటేనని ఎంత చెప్పినా తలకెక్కలేదు. నాకు విసుగు, ఆ పిల్లకు ఏడుపు.

ఒకరోజు ఇక లాభం లేదని లెక్కలు పక్కన పెట్టి, ముందురోజు చూసిన సినిమా కథ ఎత్తుకున్నాను. సగం కూడా చెప్పలేదు, ఆ పిల్ల నవ్వింది.

"నాకు తెలుసు మేడం. చివర్లో హీరో వాళ్లన్నే దొంగ."

"నువ్వెప్పుడు చూసినావు?"

"ఈడ చూడలేదు. పోయినేడు కన్నడలో వచ్చింది కదా, మా ఇంట్లో టీవీలో చూసినాం. హీరో వేరే, పేర్లు వేరే. కథ అదే."

"పేర్లన్నీ మారితే అదే కథని ఎట్ల పట్టినావు?"

"పేర్లు యాడ చూస్తాం మేడం. ఎవరు ఎవరికి ఏమవుతారో చూస్తే చాలు."

పి ఉన్న లెక్కను ఆమె ముందుకు జరిపాను. చాలాసేపు దానివైపే చూసింది. "కన్నడలో ఎక్స్, తెలుగులో పి" అని గొణుక్కుని పెన్ను తీసింది. లెక్క పూర్తయ్యేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

పరీక్ష దగ్గర పడుతుండగా నాకు ధర్మవరం బదిలీ అయింది. పిల్లను తోటి టీచరుకు అప్పగించాను. "మీరు లేకుంటే నాకు రాదు మేడం" అని ఒకటే ఏడుపు. నిజం చెప్పాలంటే, ఆ మాట నాకు లోపల్లోపల బాగానే అనిపించింది.

ఫలితాలు వచ్చిన రోజు నేను ఏదో పనిమీద రైల్లో హిందూపురం వస్తున్నాను. బండి పెనుకొండలో ఆగినప్పుడు ఫోన్ మోగింది.

"పాసయినా మేడం. నాయన ఇంటర్‌లో చేర్పిస్తానన్నాడు."

ఎంత సంతోషమైందో చెప్పలేను. అక్కడితో ఊరుకోకుండా, "నేను లేక కష్టపడినావేమో" అన్నాను.

"లేదు మేడం" అంది. "హీరో మారినాడు, అంతే."

బండి కదిలింది. హిందూపురం వచ్చేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. కొంచెం బాధగా కూడా ఉండింది.