ఆ మూలకు నీళ్లు తిప్పిన మా బావ

మూడు వారాల కింద, ఏఎస్ రావు నగర్‌లో నేను పనిచేసే పిల్లల క్లినిక్‌లో, ఒక పాప టీకా కార్డు మీద తేదీ వేస్తుండగా అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయిండే" అంది. ఫోన్ పెట్టేసింది. కార్డు మీద తేదీ సగంలోనే ఆగిపోయింది. మిగతా సగం నేను వేశానో, ఇంకెవరైనా వేశారో ఇప్పటికీ గుర్తు లేదు.

మా బావ మీలో ఎవరికీ తెలిసి ఉండడు. జనగామ వైపు నుంచి వచ్చి, నాచారంలో నీళ్ల పంపులు తయారుచేసే ఒక కంపెనీలో ఫిట్టర్‌గా చేరాడు. అది మూతపడ్డాక ఉప్పల్‌లో ఒక చిన్న షట్టర్ దుకాణం తీసుకొని మోటార్లు బాగుచేసేవాడు. తిరుగుతున్న మోటారు మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాడు. అలా కాసేపు నిలబడి, జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు. "మోటర్ అబద్ధం జెప్పదు పిల్లా, మనమే సరిగ ఇనం" అనేవాడు. చర్చిలో పాస్టరుగారి మైకు గరగరమన్నా ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి అటే చూసేవాడు. అక్క మోచేత్తో పొడిచేది.

మా డాక్టరమ్మ పిల్లలు సూదికి భయపడకుండా ఉండాలని వెయిటింగ్ హాల్లో సముద్రపు చేపలు, పగడాలు పెంచే తొట్టి ఒకటి కట్టించింది. హాలు మూల తిరిగి ఉంటుంది. తొట్టి కూడా రెండు గోడల వెంట, ఇంగ్లీషు 'ఎల్' అక్షరంలా కట్టారు. చూడటానికి ముచ్చటగా ఉండేది కానీ మూడు నెలలకే బండారం బయటపడింది. పొడుగు వైపు పగడాలు పువ్వుల్లా విచ్చుకున్నాయి. మూల తిరిగాక ఉన్న చిన్న వైపు మాత్రం నీళ్లు కదలక, రాళ్ల మీద గోధుమరంగు జిగురు పేరుకుంది. అక్కడ పెట్టిన పగడం పెట్టినట్టే చచ్చిపోయేది. పగడాలు నడవలేవు కదా, తిండీ గాలీ నీళ్లే మోసుకురావాలి. డాక్టరమ్మ తొట్టి తీయించేద్దామనుకుంటుంటే నేనే అన్నాను, మా బావకు పంపుల పని తెలుసు మేడం అని.

బావ వచ్చి ఆ తొట్టి ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"సముద్రం నేను జిందగీల సూడలే మేడం. నీళ్లయితే జర ఎరికనే" అన్నాడు.

మొదట పెద్ద పంపు పెట్టాడు. ఇసుక తుఫానులా లేచింది, పగడాలన్నీ ముడుచుకుపోయాయి, ఒకదాని అంచు చిరిగిపోయింది. బావ ముఖం మాడిపోయింది. ఆ పంపు తీసేసి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చాడు. చేపల మేత పొడి చేసి, చిటికెడు నీళ్లలో వదిలి, ఆ నలుసులు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చున్నాడు. మూల దాకా వచ్చి, గోడకు తగిలి, వెనక్కి తిరిగిపోతున్నాయి. మూడు ఆదివారాలు అదే పని. నేను తెచ్చిన చాయ్ మీగడ కట్టేది.

మూడో ఆదివారం లేచి, "తప్పు నాదే" అన్నాడు. "నీళ్లను ఊకె తోస్తే పోవు పిల్లా. పోయిన నీళ్లు మళ్ల రానీకె తొవ్వ ఉండాలె."

వెనక అద్దానికి ఆనించి పేర్చిన రాళ్లను నాలుగు వేళ్ల మందం ముందుకు జరిపాడు. పెద్ద పంపుకు బదులు రెండు చిన్నవి తెచ్చి, రెండు కొసల్లో చెరొకటి, ఒకటి ఆగితే ఇంకొకటి నడిచేలా పెట్టాడు. నీళ్లు ముందు అద్దం పక్కనుంచి చిన్న వైపుకు పోయి, రాళ్ల వెనకనుంచి తిరిగి రావడం మొదలైంది. నెల తిరిగేసరికి ఆ మూల కొత్తగా పెట్టిన పగడం విచ్చుకుంది. "ఇటు రా, ఊగుతుంది సూడు" అని నన్ను పిలిచాడు. ఏడుస్తున్న ఒక చంటిబిడ్డ కూడా అటు చూసి ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఎన్ని ఏళ్లో, ప్రతి ఆదివారం వచ్చి తొట్టి చూసుకొని పోయేవాడు.

ఈ ఎండాకాలం మొదట్లో బావకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చాక కిటికీ పక్కన మంచం వేశాం. తొట్టి కడగడానికి డాక్టరమ్మ ఇంకొకతన్ని పిలిపించింది. పది రోజులకు చిన్న వైపు నీళ్లు మసకబారాయి. ఏం చేయాలో తోచక ఫోన్లో వీడియో తీసుకెళ్లి బావకు చూపించాను.

చూడగానే లేవబోయాడు. ఎడమ చెయ్యి ఊపుతూ "ఎ... ఎ..." అన్నాడు.

"ఎండ కొడ్తుందా?" అని అక్క కర్టెన్ వేసింది.

తల అడ్డంగా ఊపాడు. "ఎ... ఎ..."

"ఎత్తాల్నా? జర మీదికి ఎత్తాల్నా?" అక్క దిండు సర్దింది.

నేను ఎడమ చేతికి పెన్సిలు ఇచ్చాను. వంకర గీత ఒకటి పడింది, పెన్సిలు జారిపోయింది. బావ ఆ చేత్తో మంచాన్ని దబదబా కొట్టాడు. తర్వాత ఏడ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం మేము చూడలేదు. అక్క కొంగుతో ఆయన కళ్లు తుడుస్తుంటే నేను కిందపడ్డ పెన్సిలు తీశాను.

నీళ్లు మార్చాను. చేపల షాపులకు ఫోన్లు చేశాను. ఒక్కొక్కరు ఒక్కొక్క మందు చెప్పారు. పగడాలు ఒకదాని తర్వాత ఒకటి తెల్లబడి చచ్చిపోయాయి. ఒకరోజు తట్టుకోలేక మోచేతి దాకా తొట్టిలో చెయ్యి పెట్టాను. రాళ్లు వెనక అద్దానికి ఆనుకొని ఉన్నాయి. కొత్తగా వచ్చినతను అందంగా ఉంటుందని వెనక్కి నెట్టి పేర్చాడట. సందులో కుళ్లిన బురద చేతికి తగిలింది. అప్పుడర్థమైంది. "ఎనుక." బావ అన్నది ఎనుక అని. రాళ్లు జరిపాను. నీళ్లు మళ్లీ తిరిగాయి. ఊగడానికి మాత్రం అక్కడేమీ మిగల్లేదు.

తెలంగాణ వచ్చిన రోజు బావ దగ్గరకు వెళ్లాను. గల్లీలో డప్పులు, గులాలు. బావను కుర్చీలో కూర్చోబెట్టి గుమ్మం దాకా తీసుకొచ్చారు.

"బావా, నువ్వు ఎనుక అన్నవు గదా? మాకే సమజ్ కాలే. రాళ్లు జరిపిన. అంత మంచిగైంది" అని అబద్ధం చెప్పాను.

చెయ్యి చాచాడు. ఫోన్ అడుగుతున్నాడు. పాత వీడియో ఒకటి పెట్టి ఇచ్చాను. చివరిదాకా చూశాడు. నేనూ పక్కనుంచి చూశాను. తొట్టి అద్దంలో, పోయిన డిసెంబర్‌లో హాల్లో కట్టిన క్రిస్మస్ నక్షత్రం మెరుస్తోంది. వీడియో పెట్టేటప్పుడు అది నేను చూసుకోలేదు. బావ ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టాడు. నా వైపు చూసి, ఎడమ చేత్తో నా తల మీద రెండుసార్లు తట్టాడు. నన్ను క్షమించాడో, ఓదార్చాడో తెలియదు. అడిగినా చెప్పలేడు.

ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు. సమాధి దగ్గర పాస్టరుగారు ఎవరైనా రెండు మాటలు చెప్పండి అంటే, నేను ముందుకు వెళ్లలేదు. ఇన్నేళ్లు పక్కనే ఉండి, ఆయన ఒక్క మాట చెప్పబోయిన రోజున ఆ మాట అందుకోలేకపోయాను. అందుకే ఇలా రాస్తున్నాను.

మొన్న శనివారం అక్క చెప్పాపెట్టకుండా క్లినిక్‌కు వచ్చింది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. నేరుగా వెళ్లి తొట్టి ఎదురుగా బెంచీ మీద, తల్లుల మధ్య కూర్చుంది. లోపల రెండు చేపలు, ఉత్త రాళ్లు. బిడ్డను భుజాన వేసుకున్న ఒకామె, "ఎవరికి సూపిద్దామని వచ్చినవక్కా?" అని అడిగింది.

"ఎవరికి లేదమ్మా" అంది అక్క. "సూద్దామనే వచ్చిన."

ఆమె కూర్చోవడానికి అక్క కొంచెం పక్కకు జరిగింది. కళ్లు మాత్రం నీళ్ల మీదనుంచి తీయలేదు.